కుర్చీ స్ప్రింగు లెక్క

మా ఆయన పోయిన రోజు మా బడిలో ఏడో తరగతికి లెక్కల పరీక్ష. పరీక్ష సగంలో ఉండగా ప్యూను గుమ్మం దగ్గర నిలబడి నన్ను బయటికి రమ్మన్నాడు. షెడ్డులో పడిపోయారనీ, ఆసుపత్రికి తీసుకెళ్ళారనీ చెప్పాడు. మిగతాది అతని మొహమే చెప్పింది. నేను గదిలోకి తిరిగి వెళ్ళి, ఒక పిల్ల అదనపు కాగితం అడిగితే ఇచ్చి, పక్క గది టీచరు వచ్చేదాకా నిలబడి, అప్పుడు బయల్దేరాను. ఎందుకలా చేశావని తరవాత చాలామంది అడిగారు. పరీక్ష జరుగుతున్న గదిని వదిలి రాకూడదు.

వెంటనే వేసవి సెలవులు వచ్చాయి. రాకపోయి ఉంటే బాగుండేది. బడి ఉంటే గంట కొడతారు, లేస్తాం, ఇంకో గదికి వెళ్తాం. ఇంట్లో గంట కొట్టేవాళ్ళు లేరు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. బీరువాలో బట్టలన్నీ తీసి, దులిపి, ఎలా ఉన్నవి అలాగే పెట్టాను. కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే ఎక్కడికో తెలిసేది కాదు. మా అత్తయ్య మంచం మీద నుంచి చూసి చూసి ఒకరోజు అంది:

"అమ్మాయ్, కాలుగాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు? చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఎక్కడికన్నా వెళ్ళిరా."

"ఎక్కడికి అత్తయ్యా?"

"షెడ్డుకి వెళ్ళు. అక్కడ చిన్నోడు ఒక్కడే అఘోరిస్తున్నాడు."

అలా వెళ్ళాను.

షెడ్డు మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంది. మా ఆయనా, మా మరిదీ కలిసి స్ప్రింగులు చేసే చోటు. రేకుల కప్పు కింద ఉక్కుతీగ చుట్టలు, తీగను స్ప్రింగుగా చుట్టే యంత్రం, చుట్టిన వాటిని వేడిచేసే పొయ్యి, కొసలు నునుపు చేసే చక్రం. వెనక గోడ నిండా మేకులు. ఇంతవరకు చేసిన ప్రతి రకం నుంచి ఒక స్ప్రింగు అక్కడ వేలాడుతుంటుంది. మూల ఒక చిన్న గది, అందులో కంప్యూటరు. లెక్క ఆయనది, యంత్రం మా మరిదిది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టేవారు కాదు.

నన్ను చూసి మా మరిది యంత్రం ఆపాడు. చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు.

"వదినా, మీరే వచ్చారు, మంచిదయింది. ఇంట్లో అమ్మ ముందు చెప్పలేక ఊరుకున్నాను."

"చెప్పు."

"పెద్ద కార్ఖానాలో రమ్మంటున్నారు. జీతం. ఈ యంత్రాన్ని కొనేవాళ్ళు కూడా ఉన్నారు."

నేను యంత్రం వైపు చూశాను. దాని మీద ఆయన చొక్కా ఇంకా తగిలించే ఉంది.

"కుర్చీల ఆయనకి మీ అన్నయ్య మాట ఇచ్చారు కదా?"

కుర్చీల ఆయన మాకు పాత ఖాతాదారు. మోకాళ్ళు పట్టేసి లేవలేని పెద్దవాళ్ళ కోసం కొత్త రకం కుర్చీ తయారుచేస్తున్నాడు. సీటు కింద స్ప్రింగులుంటాయి. కూర్చుంటే సీటు నెమ్మదిగా దిగాలి, లేవబోతే కింద నుంచి సాయం పట్టాలి. ఆ స్ప్రింగు లెక్క మొదలుపెట్టకుండానే మా ఆయన పోయారు.

"అన్నయ్య ఇచ్చాడు. లెక్క కట్టేవాడూ అన్నయ్యే," అన్నాడు మా మరిది. "పాత సైజులు చుట్టమంటే కళ్ళు మూసుకుని చుడతాను. కొత్తది ఎంత తీగతో, ఎన్ని చుట్లు చుట్టాలో నాకెవరు చెప్తారు?"

"నేను చెప్తాను."

ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. మా మరిది నవ్వలేదు. నేలకేసి చూసి, కాలితో ఒక తీగముక్కను పక్కకి నెట్టాడు.

"సరే వదినా. మీ బడి తెరిచేదాకా చూద్దాం. కుర్చీల ఆయన ఔనంటే యంత్రం ఉంటుంది, నేనూ ఉంటాను. కాదంటే ఇచ్చేద్దాం. తరవాత నన్ను ఏమీ అనకూడదు."

"అనను."

ఆ రోజే ఆ గదిలో కూర్చుని ఆయన లెక్కల షీటు తెరిచాను. కంప్యూటరులో అలా గడులు గీసి లెక్కలు చేయడం ఆయన నా దగ్గరే నేర్చుకున్నారు. నేను పిల్లల మార్కులు వేసుకుంటుంటే వెనక నిలబడి చూసి, "ఒక్క గడి కదిపితే చివరి గడి దాకా కదులుతోందే!" అని మురిసిపోయారు. కాగితం మీద చేసే స్ప్రింగు లెక్కనంతా మెల్లమెల్లగా అందులోకి ఎక్కించారు. తీగ మందం, చుట్లు, వ్యాసం, మోయాల్సిన బరువు వేస్తే చాలు, మిగతాది షీటే చెప్తుంది.

శీర్షికలు మాత్రం అచ్చంగా ఆయనవే. ఏ బరువూ లేనప్పుడు స్ప్రింగు ఉండే పొడవుకి 'పుట్టింటి పొడవు' అని పెట్టారు. బరువు పడ్డాక ఉండేది 'అత్తారింటి పొడవు'. నొక్కితే ఎంత గట్టిగా ఎదురు తిరుగుతుందో చెప్పే గడి పేరు 'మొండితనం'. తీగ తట్టుకోలేని బరువు వేస్తే చివరి గడి ఎర్రబడి 'వద్దు బాబోయ్' అంటుంది. అంతా సవ్యంగా ఉంటే పచ్చబడి 'కానివ్వండి' అంటుంది.

నేను చదివి నవ్వలేదు. ఏడవనూ లేదు. మిల్లీమీటర్లో సెంటీమీటర్లో రాయకుండా వదిలేసిన గడులు ఎన్ని ఉన్నాయో చూశాను. చాలా ఉన్నాయి. మా పిల్లలెవరైనా అలా రాస్తే మార్కులు తీసేసేదాన్ని.

ఆ తరవాత నా రోజులు గడుల్లోకి మారాయి. చుట్లు పెంచితే మొండితనం తగ్గేది, కానీ స్ప్రింగు సీటు కింద పట్టేది కాదు. తీగ సన్నం చేస్తే చివరి గడి ఎర్రబడేది. ఒక్క చోట నిలవని చేతులకి అది బాగానే ఉండేది. ఒక అంకె మార్చడం, చూడడం, మళ్ళీ మార్చడం. అన్నం తింటూ మధ్యలో లేచి షెడ్డుకి వెళ్ళిన రోజులున్నాయి. దారిలో ఎవరైనా పలకరించబోతే నడక పెంచేదాన్ని. కూర్చునే మనిషి బరువు గడిలో మా అత్తయ్య బరువు వేశాను. ఆవిణ్ణి అడిగితే, "నా బరువు మీకెందుకే? మోస్తారా ఏంటి?" అంది.

"స్ప్రింగు మోస్తుంది అత్తయ్యా."

"మీరు మోసినట్టే ఉంటుందిలే అదీనూ," అంది, కాటా ఎక్కుతూ.

చివరికి ఒక మధ్యాహ్నం షీటు 'కానివ్వండి' అంది. కాగితం మీద కొలతలు రాసి మా మరిదికిచ్చాను. అతను మారుమాట లేకుండా చుట్టి, పొయ్యిలో పెట్టి తీసి, కొసలు చెక్కి ఇచ్చాడు. బయటి వ్యాసం నలభై మిల్లీమీటర్లు రావాలన్నాను. కొలిచి చూపించాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

కుర్చీల ఆయన కుర్చీని బండి మీద కట్టుకుని తీసుకొచ్చాడు. ఆయన నోరు ఊరుకోదు.

"టీచరుగారూ, ఈ సీటు మనిషిని ఎలా లేపాలో తెలుసా? మా ఆవిడ నన్ను లేపినట్టు కాదు. మా అమ్మ లేపినట్టు లేపాలి."

కబురు తెలిసి మా అత్తయ్య కూడా వచ్చింది. మా తోడికోడలు, అంటే మా మరిది భార్య, చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. మా మరిది ముందు ఇసుక బస్తా పెట్టి చూద్దామన్నాడు.

"బస్తాకి మోకాళ్ళ నొప్పులుంటాయట్రా? తప్పుకో," అని అత్తయ్య వెళ్ళి కూర్చుంది.

సీటు దిగీ దిగనట్టు దిగింది. ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని బాగా వెనక్కి జరిగి, బరువంతా వేసింది. అప్పుడు దిగింది. "బాగానే ఉందే," అని లేవబోయింది. సీటు ఒక్కసారిగా ఎగిరి ఆవిణ్ణి ముందుకి విసిరింది. మా మరిది అడ్డం పడి పట్టుకోకపోతే నేల మీద పడేదే.

అత్తయ్య కొడుకు చొక్కా పట్టుకుని ఊపిరి తీసుకుంది. మా అందరి మొహాలూ చూసింది.

"ఏరా, నన్ను కూడా పంపించేద్దామనుకున్నారా?"

ఆవిడే నవ్వింది. ఆయన పోయాక మా ఇంట్లోవాళ్ళ నవ్వు వినపడడం అదే మొదలు. నవ్వుతూ నవ్వుతూ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది, ఆ తరవాత చాలాసేపు తియ్యలేదు. కుర్చీల ఆయన బయటికి వెళ్ళి బండి టైర్లు నొక్కి చూసుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక మా మరిది స్ప్రింగును కాటా మీద పెట్టి, పై నుంచి మర బిగించి నొక్కాడు. షీటు చెప్పినంత దిగడానికి షీటు చెప్పిన బరువు చాల్లేదు. దానికి ఒకటిన్నర రెట్లు కావలసి వచ్చింది.

"షీటులో ఏదో తప్పుంది వదినా."

"షీటులో తప్పు లేదు. ఇన్నాళ్ళూ మీ అన్నయ్య దీంతోనే చేశారు."

"అన్నయ్య చేశాడు. మనం కాదుగా."

"అయితే తీగ తేడా అయ్యుంటుంది."

"తీగ పాతదే. ఇంకేముంది? యంత్రం తప్పు, లేకపోతే నా తప్పు. అనండి మరి!"

నేను అనలేదు. అతను మర విప్పి, స్ప్రింగు తీసి తీగముక్కల డబ్బాలో పడేశాడు. డబ్బాలోంచి అది ఒకసారి పైకి ఎగిరి మళ్ళీ పడింది. మామూలు రోజైతే ఇద్దరం నవ్వేవాళ్ళం.

సూత్రాలన్నీ కాగితం మీద దించుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ఒక్కొక్కటే చేత్తో చేసి చూశాను. ఒక్కదానిలోనూ తప్పు లేదు. తప్పు దొరికితే బాగుండుననిపించింది. తప్పు లేకపోవడంతో కాలు నిలవలేదు. వరండాలోకి, వంటింట్లోకి, మళ్ళీ బల్ల దగ్గరికి. బడి తెరిచే రోజు దగ్గర పడుతోంది. యంత్రం కొనేవాళ్ళు ఒకసారి వచ్చి చుట్టూ తిరిగి చూసి వెళ్ళారని మా అత్తయ్యే చెప్పింది, నా వైపు చూడకుండా.

ఆ వారంలోనే మా తోడికోడలు షెడ్డుకి క్యారియరు తెచ్చింది. నేను డబ్బాలోంచి ఆ స్ప్రింగు తీసి మళ్ళీ కొలుస్తున్నాను. తను పక్కన నిలబడి చూసింది.

"ఒకటి అడుగుతాను, నవ్వకూడదక్కా. గాజుల సైజు లోపల కదా చూస్తాం. మీరు బయట కొలుస్తున్నారేంటి?"

"ఇది గాజు కాదుగా."

"అవుననుకోండి. ఏదో అడిగాను."

తను మూత తీసి గిన్నెలు సర్దుతోంది. నేను కొలత సాధనం చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. బయట కొలవమని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. బయట కొలవడం తేలిక కాబట్టి కొలిచాం. గోడ దగ్గరికి వెళ్ళి ఒక పాత స్ప్రింగు తీశాను. దానికి కట్టిన చీటీ మీద అంకె చూసి, షీటులో ఆ వరస వెతికాను. వ్యాసం గడిలో ఇరవై రెండు ఉంది. స్ప్రింగు బయట కొలిస్తే ఇరవై ఆరు. లోపల కొలిస్తే పద్దెనిమిది. తీగ మందం నాలుగు.

ఇంకొకటి తీశాను. ఇంకొకటి. ప్రతిదాంట్లోనూ అంతే. ఆయన వేసింది బయటి కొలతా కాదు, లోపలి కొలతా కాదు. ఇటు తీగ నడిమధ్య నుంచి అటు తీగ నడిమధ్యకు. బయటి కొలతలోంచి తీగ మందాన్ని మనసులోనే తీసేసి, వచ్చింది గడిలో వేసేవారు. కుర్చీ స్ప్రింగు తీగ మందం అయిదు. మేం ముప్పై అయిదు వెయ్యాల్సిన చోట నలభై వేశాం. ఈ లెక్కలో వ్యాసాన్ని మూడుసార్లు వేసి గుణించాలి. అందుకే చిన్న తేడా అంత పెద్దదై కూర్చుంది.

పుట్టిల్లనీ, అత్తారిల్లనీ, మొండితనమనీ ఆయన వేళాకోళంగా రాసిన చోట మేం ఎక్కడా పొరపడలేదు. 'వ్యాసం' అని బుద్ధిగా రాసిన ఒక్క చోట పొరపడ్డాం.

"ఒక్క ముక్క రాసి పెట్టచ్చుగా!" అన్నాను కంప్యూటరుతో, పైకే. ఆయన పోయాక ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అది. మా తోడికోడలు గిన్నె అక్కడే పెట్టి వచ్చి నా పక్కన కూర్చుంది. "చల్లారిపోతోందక్కా, తినండి," అంది.

తిన్నాను. తిన్నాక ఆ శీర్షిక పక్కన 'తీగ మధ్య నుంచి తీగ మధ్యకు, మిల్లీమీటర్లలో' అని చేర్చాను.

రెండోసారి చుట్టిన స్ప్రింగులు కాటా మీద షీటు చెప్పినట్టే దిగాయి. కుర్చీల ఆయన వచ్చాడు. ఈసారి ముందు బస్తా పెట్టాం, తరవాత ఆయనే కూర్చున్నాడు, ఆ తరవాత అత్తయ్య.

"విసిరేస్తే ఈసారి ఊరుకోను," అంటూ కూర్చుంది. సీటు ఆవిడతో పాటు కిందికి వెళ్ళింది. లేవబోతే, మోచెయ్యి కింద ఎవరో చెయ్యి వేసినట్టు, మెల్లగా పైకి వచ్చింది. ఆవిడ నిలబడింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ నిలబడింది.

"నన్నెవరూ పట్టుకోలేదుగా?" అంది.

"ఎవరూ పట్టుకోలేదమ్మా," అన్నాడు కుర్చీల ఆయన. "టీచరుగారూ, అదీ లెక్కంటే! రేపటి నుంచి చుట్టడం మొదలెట్టండి. నాకు బోలెడు కావాలి."

వాళ్ళు వెళ్ళిపోయాక షెడ్డులో మేమిద్దరమే మిగిలాం. నేను ఏదేదో మాట్లాడుతున్నాను. తీగ ఎంత తెప్పించాలో, సాయంత్రాలు నేను వచ్చి ఏం చూడగలనో చెప్తున్నాను. మా మరిది చక్రం పక్కన పడ్డ ఉక్కు పొడిని ఊడుస్తున్నాడు. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తున్నాడు. కాసేపటికి నా మాటలు నాకే వినపడడం మొదలైంది. ఆపాను.

"స్ప్రింగు బాగా వచ్చింది వదినా," అన్నాడు, వంగినవాడు లేవకుండానే.

"బాగా చుట్టావు."

"మాట ప్రకారం ఉంటాను. మీరు ఉండమంటే ఉంటాను." చీపురు గోడకి ఆనించాడు. "అన్నయ్య ఉండమన్నప్పుడు కూడా ఇలాగే ఉన్నాను."

రేకులు ఎండకి చిటపటమంటున్నాయి. అతని మెడ మీద చెమట కారుతోంది, తుడుచుకోవడం లేదు. ఇన్నేళ్ళుగా అతన్ని ఆ యంత్రం పక్కనే చూశాను. అతను ఇంకెక్కడైనా ఉండాలనుకున్నాడేమోనని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

"కార్ఖానాలో ఎప్పుడు చేరమన్నారు?" అని అడిగాను.

అతను నా మొహంలోకి చూశాడు.

"మీ బడి తెరిచే వారంలోనే."

"అయితే ఈలోగా కుర్చీల ఆయన సరుకు చుట్టేద్దాం. మీ అమ్మకి నేను చెప్తాను."

మా అత్తయ్య విని, మంచం మీద అటు తిరిగి పడుకుంది. మర్నాడు పొద్దున్న లేచి కొడుక్కి, "కార్ఖానాలో యంత్రాలు మనదానికన్నా పెద్దవట కదా, వేళ్ళు జాగ్రత్త," అంది.

కొన్నవాళ్ళు లారీ తెచ్చి యంత్రాన్ని తీసుకెళ్ళారు. నలుగురు పట్టినా లేవకపోతే గొలుసు వేసి లాగారు. దాని కింద నేల మిగతా నేలకన్నా నల్లగా ఉంది. కొన్నాయన మంచి మనిషే.

"కుర్చీల పని ఇక నుంచి మేమే చేస్తాం టీచరుగారూ. ఆ లెక్కల షీటు కూడా ఇచ్చేస్తే బాగుంటుంది," అన్నాడు.

"ఇవ్వను," అన్నాను. మరీ కటువుగా వచ్చిందనిపించి, "కొలతలు కావాలంటే అడగండి, చేసిస్తాను," అని చేర్చాను.

కంప్యూటరు ఇంటికి వచ్చింది. బడి తెరిచారు. గంట కొడుతున్నారు, లేస్తున్నాను, ఇంకో గదికి వెళ్తున్నాను. మా మరిది కార్ఖానా నుంచి రోజూ అలిసిపోయి వస్తున్నాడు, కానీ భోజనం దగ్గర ముందుకన్నా ఎక్కువ మాట్లాడుతున్నాడు. ఒక్కోసారి అక్కడి తన యంత్రం గురించే గంటసేపు చెప్తాడు. మా తోడికోడలు, "ఇంటికి కూడా తెచ్చుకోలేకపోయారా దాన్ని?" అంటుంది.

వానలు మొదలయ్యాక కుర్చీల ఆయన మా ఇంటికి వచ్చాడు. మొదటి కుర్చీలన్నీ అమ్ముడయ్యాయట. వాటిలో కూర్చున్నది ఎక్కువమంది అమ్మమ్మలూ నానమ్మలేనట. ఇప్పుడు వాళ్ళ ఇళ్ళలోని మగవాళ్ళు అడుగుతున్నారట. వాళ్ళకి ఆ స్ప్రింగు చాలడం లేదు, కూర్చుంటే సీటు దిగిపోయి లేవడం లేదు.

"ఇంకో సైజు కావాలి టీచరుగారూ. మగవాళ్ళది."

"ఎంత బరువుకి చెయ్యమంటారు?"

"అంత కచ్చితంగా ఎందుకండీ? సుమారుగా మీ ఇంట్లో మగమనిషి ఎంత ఉంటారో అంత వేసుకుని..." అని ఆగిపోయాడు. కాఫీ కప్పు పట్టుకుని అందులోకే చూస్తూ కూర్చున్నాడు.

"ఫరవాలేదు," అన్నాను. "చేసిస్తాను."

ఆయన వెళ్ళాక షీటు తెరిచి కొత్త వరస మొదలుపెట్టాను. తీగ మందం వేశాను. వ్యాసం వేశాను. చుట్లు వేశాను. కుర్చీల ఆయన ఇప్పటికి ఒకటికి రెండుసార్లు ఫోను చేశాడు. వచ్చే వారం ఇస్తానన్నాను.

బరువు గడిలో ఇంకా ఏమీ వెయ్యలేదు.